గురి తప్పని బాంబు

1999 మే నెల. అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రం, వైట్‌మన్ వైమానిక స్థావరం. ఆయుధశాలలో పడి ఉన్న రెండు వేల పౌండ్ల మామూలు బాంబుకు సిబ్బంది కొత్త తోక బిగించారు. అందులో జీపీఎస్ ఉంది, కదిలే రెక్కలున్నాయి.

"ఇన్నాళ్లూ మా వాళ్లు గాలి ఎటు తోస్తే అటు పడ్డారు. నువ్వొచ్చి ఏం చేస్తావు?" అని అడిగింది బాంబు.

"ఉపగ్రహాలను చూసుకుంటూ దారి సరిదిద్దుతాను. మబ్బు పట్టినా, చీకటి పడినా చెప్పిన చోటికి పది పదమూడు మీటర్ల అటూ ఇటూగా దించుతాను."

"అక్కడ ఎవరుంటారు?"

"అది నాకు చెప్పరు. అక్షాంశం, రేఖాంశం, ఎత్తు చెబుతారు."

"ఆ అంకెలే తప్పైతే?"

"అప్పుడూ అక్కడికే దించుతాను."

బాంబు ఉలిక్కిపడింది. "గురి తప్పి మాలో కొందరు ఖాళీ పొలాల్లో పడేవారు. నీతో ఆ ఆశ కూడా లేదన్నమాట!"

"పొలాల్లోనే పడ్డారా? ఊళ్లకు ఊళ్లు కాల్చలేదా?" అంది తోక.

బాంబు మళ్లీ మాట్లాడలేదు.

మే 7 రాత్రి అమెరికా బి-2 విమానం యుగోస్లావియా రాజధాని బెల్‌గ్రేడ్ మీద అయిదు బాంబులు వదిలింది. అవి చెప్పిన చోటే దిగాయి. ఆ చోటు వాళ్లు కొట్టాలనుకున్న యుగోస్లావియా సైనిక సరఫరా కార్యాలయం కాదు, చైనా రాయబార కార్యాలయం. ముగ్గురు చైనా పాత్రికేయులు చనిపోయారు. వారిలో ఇద్దరు భార్యాభర్తలు. ఇరవై మందికి పైగా గాయపడ్డారు.

నీతి: ఆయుధానికి గురి కుదిరేకొద్దీ, దానికి చోటు చూపించేవాడి పూచీ పెరుగుతుంది.

బాంబుకూ తోకకూ జరిగిన సంభాషణ నా కల్పన. దాడి మాత్రం నిజం. అది ఎలా జరిగిందో ఆ జూలైలో సీఐఏ డైరెక్టర్ జార్జ్ టెనెట్ అమెరికా కాంగ్రెస్ కమిటీకి చెప్పారు. లక్ష్యం చిరునామా చేతిలో ఉంది గానీ, ఆ భవనం మ్యాపులో ఎక్కడో తెలియదు. పక్క వీధుల్లోని ఇంటి నంబర్లను బట్టి సీఐఏ వాళ్లు లెక్క కట్టారు. అసలు భవనం అక్కడికి మూడు వందల మీటర్ల దూరంలో ఉంది. చైనా రాయబార కార్యాలయం 1996లోనే కొత్త చోటికి మారినా, దాడి చేయకూడని భవనాల జాబితాల్లో పాత చోటే ఉండిపోయింది. అందుకే ఎన్ని తనిఖీలు చేసినా ఏ ఒక్కటీ అడ్డు చెప్పలేదు. అన్నీ పాత సమాచారాన్నే తిరగేశాయి.

ఒక్క అధికారికి మాత్రం అనుమానం వచ్చింది. ఫోన్ చేసి చెప్పాడు కూడా. దాడిని ఆపగలిగినవారి దాకా ఆ మాట వెళ్లలేదు. ఆకాశం నుంచి పడే ఇనుముకు దారి చూపించగలిగినవాళ్లు, ఒక మనిషి సందేహం పైకి చేరడానికి దారి పెట్టుకోలేదు. మ్యాపులో తప్పు కంటే నాకు ఇదే పెద్ద నేరంగా కనిపిస్తుంది. 2000 ఏప్రిల్‌లో సీఐఏ ఒక ఉద్యోగిని తొలగించి, మరో ఆరుగురిని మందలించింది.