చుక్కమందును, విస్తరిలోని అన్నమును

చీకటి పడినంతనే యింటి గడపను తడవుకొనుచు నడచు పసిబిడ్డలు మన పల్లెలలో ఒకనాడు అరుదు కారు. దానిని రేచీకటి యనిరి. పూర్వకర్మమని సరిపెట్టుకొన్నవారును కలరు. కర్మము మాట కాదనను. కాని ఆ కర్మము బిడ్డదా, బిడ్డ విస్తరివంక చూడని మనదా యని అడుగవలసియున్నది.

రేచీకటికి ముఖ్యమూలము విటమిన్ ‘ఏ’ లోపము. వట్టి వరియన్నము, నీళ్లచారు కడుపు నింపును గాని కంటిని కాపాడజాలవు. లోపము ముదిరినచో నల్లగ్రుడ్డు మెత్తబడి చూపు మరల రాకుండ పోవును. ఈ విటమినును కాలేయము నెలల తరబడి నిలువ చేసికొనగలదు. ఆ గుణము నాధారము చేసికొని, ఆరు మాసముల కొకసారి 2 లక్షల యూనిట్ల మోతాదును పిల్లల నోట పోయు పద్ధతిని హైదరాబాదులోని పోషకాహార పరిశోధకులు పరీక్షించి చూపిరి. 1970లో భారతప్రభుత్వము దానిని చేపట్టెను. చూపు పోవుచున్న బిడ్డకు ముందు ఆ మందు పోయవలసినదే. పంటలు పండి, కూలి పెరుగువరకు కంటిపాప వేచియుండదు.

అయినను, ఏడాదికి రెండు చెంచాల మందు పోసి ఋణము తీరినదనుకొనవచ్చునా? విటమిన్ ‘ఏ’ కొరవడిన విస్తరిలో ఇనుము, క్రొవ్వు, మాంసకృత్తులు కూడ తరచు కొరవడియే యుండును. ఆ పరిశోధనాలయమునకు ఆనాడు సారథియైన డాక్టరు సి. గోపాలన్ గారే, ఆహారమే అసలు చికిత్సయని పిమ్మట పట్టుబట్టి చెప్పుచుండిరి. మునగాకు తినరాదా యని ఉపదేశించుట మనకు సులభము. ప్రొద్దుగ్రుంకి కూలినుండి వచ్చిన తల్లి ఆకు దూసి వండినను, అందు కొంత నూనె లేనిచో దానిలోని సారము శరీరమునకు చాలవరకు ఒంటదు. ఆ నూనెకే కదా కరవు!

మరియొక చిక్కు గలదు. మనబోంట్లు తరచు తప్పించుకొనునది. గ్రుడ్డుసొనలో ఈ విటమినును, దానికి వలసిన క్రొవ్వును కలిసియే యున్నవి. 2021లో కర్ణాటకమున కొన్ని జిల్లాల బడులలో గ్రుడ్డు పెట్టబూనగా, కొందరు మఠాధిపతులు అభ్యంతరము తెలిపిరి. అహింస ఉత్తమవ్రతమే. కాని వ్రతము పట్టినవాడు తన యాకలితో పట్టవలెను. ఆ బిడ్డలలో పెక్కండ్ర యిండ్లలో గ్రుడ్డు నిషిద్ధము కాదు, కొనలేనిది మాత్రమే. ఒకరి వ్రతమునకు మరియొకరి బిడ్డ కన్ను మూల్యమగుట ఏ శాస్త్రము? గ్రుడ్డు తినని పిల్లలకు అక్కడ అరటిపండు ఇచ్చు ఏర్పాటును చేసిరి. ఇందు ఎవరి ధర్మమునకు భంగము కలిగినదో నాకు బోధపడలేదు.