ఇంటికి రాయని జ్వరం

పట్టాళంలో ఉన్న కొడుకు జబ్బుపడితే ఇంటికి కబురు చేయకపోవడమే మంచిదంటారు. అంత దూరాన ఉన్నవాళ్లు బెంగపెట్టుకోవడం తప్ప ఏం చేయగలరు అంటారు. ఈ మాటకు తలూపనివాళ్లు లేరు. నాకు మాత్రం ఏళ్లు గడిచినా మింగుడుపడటం లేదు. బెంగ పనికిరానిదని తేల్చిందెవరు? పనికొచ్చేదాని మీదే మనిషికి హక్కుంటుందా?

సైన్యం జ్వరాన్ని పట్టించుకోదని కాదు. దోమ కడుపులో మలేరియా క్రిమిని మొదట చూసిన రొనాల్డ్ రాస్ సైనిక వైద్యుడే. చూసింది మన సికింద్రాబాద్‌లోనే, 1897లో. 1943లో బర్మా సరిహద్దున గాయపడి వెనక్కి వచ్చిన ఒక్కో సైనికుడికి, జబ్బుపడి వచ్చినవాళ్లు 120 మంది అని అక్కడి బ్రిటిష్ సేనాని జనరల్ స్లిమ్ రాశాడు. అందులో మలేరియాదే పెద్ద వాటా. ఆయన మెపాక్రిన్ మాత్రలు తప్పనిసరి చేశాడు. మింగారో లేదో చెప్పాపెట్టకుండా పరీక్షలు చేయించాడు. మింగినవాళ్ల లెక్క 95 శాతం కన్నా తగ్గితే దళాధిపతినే తొలగించాడు. ముగ్గురు పోయేసరికి మిగతావాళ్లు దారికొచ్చారు. ఎన్నో ప్రాణాలు నిలబెట్టిన పద్ధతి అది, దానికి చేతులెత్తి మొక్కుతాను. కానీ అక్కడ సైనికుడి జ్వరం దళానిది, జవాబుదారీ అధికారిది. ఇంటివాళ్లకు అందులో వాటా లేదు.

మా అన్నయ్య 1980లలో అస్సాం వైపు ఉండేవాడు. ఉత్తరం మీద 99 ఏపీఓ అని సైనిక తపాలా గుర్తు తప్ప ఊరి పేరుండేది కాదు. అమ్మ ఏ దిక్కు చూసి బెంగపడాలి? ఒకసారి చాలా రోజులు ఉత్తరమే లేదు. చివరికి వచ్చిన ఇన్‌లాండ్ లెటర్‌లో, కింద మడత దగ్గర రెండు ముక్కలు: జ్వరం తగిలితే ఆస్పత్రిలో పెట్టారు, పూర్తిగా తగ్గింది, డ్యూటీలో చేరాను. అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. చిన్నతిరుపతి వెంకన్నకు ముడుపు కట్టింది.

“తగ్గిందని రాశాడు కదే, ఇప్పుడు ముడుపేంటి?” అని నాన్న విసుక్కున్నాడు.

“అప్పుడు కట్టలేదు కదండీ” అంది అమ్మ.

ఆ వేసవిలో అన్నయ్య సెలవుకొచ్చాడు. వచ్చిన కొద్ది రోజులకే మంచం కోళ్లు కదిలేంత వణుకు. వైవాక్స్ రకం మలేరియా కాలేయంలో నక్కి ఉండి, నెలల తర్వాత కూడా తిరగబెడుతుంది. క్లోరోక్విన్ నెత్తురులో ఉన్నదాన్నే చంపుతుంది; దాగినదానికి ప్రైమాక్విన్ చివరిదాకా వాడాలి. ఇవన్నీ మాకు తర్వాత తెలిశాయి. ఆ రాత్రి ఇంటిల్లిపాదీ హడలిపోయాం. అమ్మ హడలలేదు. తడిగుడ్డ మార్చింది, గంజి కాచింది, దుప్పటి మీద దుప్పటి కప్పి కాళ్లు పట్టుకు కూర్చుంది. ఆమె ముఖం అంత తేటగా ఉండటం చాన్నాళ్లకు చూశాను, కొడుక్కి 104 జ్వరముండగా.

ఆ తేట నన్ను వదల్లేదు. బెంగ కోరేది బిడ్డ బాగుండటమా, బిడ్డ దగ్గరుండటమా? రెండోదే అయితే అది ప్రేమేనా, తల్లిగా తన చోటు తనకు దక్కాలన్న పట్టుదలా? ఇలా అనుకున్న మరుక్షణమే అమ్మకు అన్యాయం చేస్తున్నాననిపిస్తుంది. ఆ చోటు ఆమెదే కదా. లాక్కున్నది మనమే కదా.

నెమ్మదించాక అడిగాను: “అక్కడ పడిపోయినప్పుడే ఎందుకు రాయలేదన్నయ్యా? అమ్మ బెంగపడుతుందనా?”

“అది కాదురా. ఆ వార్డులో అందరిదీ అదే జ్వరం. పక్క మంచం మీద గఢ్వాలీ వాడుండేవాడు. ఓపిక ఉన్నరోజు వాడు నాకు నీళ్లందించేవాడు, నాకున్నరోజు నేను వాడికి. ఎవరం భయపడలేదు. ఇక్కడ అమ్మ నుదుటి మీద చెయ్యి వేసింది చూడు, అప్పుడేసింది భయం. పోతానేమోనని.”

అంటే దాచింది అమ్మ కోసం కాదు, తన కోసం. మన కోసం భయపడే మనిషి ఎదురుగా లేనంతవరకూ జబ్బు వట్టి జబ్బే. ఆ మనిషి చూశాక, పోతే పోయేది ఎవరి ప్రాణమో గుర్తుకొస్తుంది. తుపాకి పట్టాల్సినవాడు అది గుర్తు పెట్టుకుని బతకగలడా? ఇక్కడ నా వాదం కూలిపోతుంది. అమ్మ కట్టిన ముడుపు తలుచుకుంటే మళ్లీ లేస్తుంది.

ఇప్పుడు అన్నయ్య కొడుకూ పట్టాళంలోనే ఉన్నాడు. మొన్న వీడియో కాల్‌లో ముఖం పీక్కుపోయి కనిపించాడు. వదిన అవతలికి వెళ్లాక గుచ్చి అడిగితే, డెంగీ వచ్చి తగ్గిందని, ఇంకా ఆస్పత్రిలోనే ఉన్నానని చెప్పాడు. “అమ్మకి చెప్పకు బాబాయ్. నాన్నకి అసలే వద్దు” అన్నాడు. ఆ రాత్రంతా కడుపులో దాచుకున్నాను. పొద్దున్నే అన్నయ్యకు చెప్పేశాను.

“ఏ రైలుందో చూడు” అన్నాడు.

“తగ్గిపోయిందట కదా అన్నయ్యా.”

“నేనూ తగ్గిందనే రాశానురా.”

తండ్రి చెయ్యి నుదుటి మీద పడ్డాక వాడికీ భయమేస్తుందేమో. వేస్తే వెయ్యనీ అంటున్నాడు అన్నయ్య. ఆ మాట నేనింకా అనలేకపోతున్నాను.