అడగని లోపం

ఇంగ్లండులో పాత కారు నడిపిన మనవాళ్లకి ఈ కూత బాగా తెలుసు. రాత్రంతా వాన కురిసిన చలికాలపు పొద్దున తాళం తిప్పగానే, బానెట్ కిందనుంచి కీచుమని వీధంతా లేచేలా ఒక అరుపు. రెండు మూడు నిమిషాలకి బెల్టు మీది తడి ఆరిపోయి బండి బుద్ధిమంతురాలైపోతుంది. అందుకే అమ్మదలుచుకున్నవాడు కొనేవాణ్ణి సాయంత్రం రమ్మంటాడు!

బెల్టు అరిగిందనో, వదులైందనో ఆ కూతకి అర్థం. ఆల్టర్నేటర్ తిరిగేది దానితోనే. చాలా బళ్లలో నీళ్ల పంపు, స్టీరింగు పంపు కూడా. మోటార్‌వే మీద తెగితే స్టీరింగు బండరాయవుతుంది, ఇంజను కాగిపోతుంది, బాటరీ కాసేపట్లో చేతులెత్తేస్తుంది. టైమింగ్ బెల్టుతో పోలిస్తే దీన్ని మార్చే ఖర్చు ఏపాటిదీ కాదు. అంతకంటే చవకైన మార్గం ఓ డబ్బా స్ప్రే. కొడితే కొన్నాళ్లు నోరు మూసుకుంటుంది.

స్ప్రే కొట్టి అమ్మడం మోసమని అందరం ఒప్పుకుంటాం. ఏమీ కొట్టకుండా, ఏమీ చెప్పకుండా, "ఎమ్ఓటీ ఉంది, చూసుకోండి" అని తాళాలు చేతిలో పెట్టడం మాటేమిటి?

1960లో మొదలైన ఆ పరీక్ష బ్రేకులు, టైర్లు, లైట్లు చూస్తుంది. పొగ కూడా చూస్తుంది. ఇంజను బాగోగులు దానికి పట్టవు. ఇక చట్టం. ఒక సొంతదారు ఇంకొకరికి అమ్మేటప్పుడు అబద్ధం చెప్పకూడదంటుంది, రోడ్డెక్కడానికి పనికిరాని బండిని అమ్మడం నేరమంటుంది. అడగని లోపం చెప్పి తీరాలని మాత్రం అనదు. 1871లో స్మిత్ వర్సెస్ హ్యూస్ అని ఒక కేసు నడిచింది. పందెపు గుర్రాల శిక్షకుడొకడు పాత ఓట్స్ అనుకుని ఒక రైతు దగ్గర కొన్నాడు, తీరా అవి కొత్తవి. రైతు నమూనా చూపించాడంతే. కొనేవాడు తనంతట తాను పొరబడితే దిద్దే బాధ్యత అమ్మేవాడికి లేదన్నారు న్యాయమూర్తులు. నిక్కచ్చి నీతిపరుడైతే ఏం చేస్తాడన్నది తమ ముందున్న ప్రశ్న కాదని కూడా ప్రధాన న్యాయమూర్తి కాక్‌బర్న్ అన్నాడు. ఆ ప్రశ్న మనకి వదిలేశాడన్నమాట.

మన ఊళ్లలో తన్నే గేదెని అమ్మినవాడు మర్నాడు అదే చెరువుగట్టు మీద కొన్నవాడికి ఎదురుపడాలి. సగం నీతి ఆ భయంలోనే ఉంది. ఇక్కడ అమ్మేవాడు శనివారం హీత్రూలో విమానమెక్కేస్తాడు. 2006 ఏప్రిల్‌లో, వర్క్ పర్మిట్ లేకుండా శిక్షణ ఉద్యోగాలు చేసే వెసులుబాటు పోయి మన డాక్టర్లు ఎందరో మూటాముల్లె సర్దుకున్నప్పుడు, ఆసుపత్రి క్వార్టర్సుల్లో కార్లు ఎంత తొందరగా చేతులు మారి ఉంటాయో ఊహించుకోవచ్చు.

కొనేవాడేమో వచ్చి నెల కాలేదు. బానెట్ ఎక్కడ లాగితే లేస్తుందో తెలియదు. డీలర్లని వదిలి మీ గుమ్మంలోకి వచ్చాడంటే "అన్నగారూ" అని పిలవగలిగినందుకు వచ్చాడు. "రండి, భోంచేసి వెళ్దురుగాని" అని లోపలికి పిలిచి, డబ్బు లెక్కపెట్టేటప్పుడు మాత్రం విక్టోరియా కాలపు రైతైపోతే ఎలా? ముక్కూ మొహం తెలియనివాళ్ల మధ్య 'కొనేవాడే చూసుకోవాలి' అన్న సూత్రం న్యాయమే కావచ్చు, ఇద్దరూ జాగ్రత్తగా ఉంటారు కనక. చుట్టరికం కలిపి ఆ జాగ్రత్తని పక్కన పెట్టించినవాడు మళ్లీ ఆ సూత్రం వెనక దాక్కోవడం నాకు మింగుడుపడదు.

"నాకు మాత్రం ఎవరు చెప్పారు? నేనూ ఇలాగే కొన్నాను" అంటారు కొందరు. నిజమే. అలా అనుకుంటూ పోతే చివరికి ఎవరి చేతిలో తెగుతుందో చూసే ఆట ఇది. చెబితే బేరంలో వంద పౌండ్లు తగ్గిస్తాడన్నది అసలు బెంగ. తగ్గించనివ్వండి, అది అతని డబ్బే.

కొనేవాణ్ణి పొద్దున్నే రమ్మనండి. ఇంజను చల్లగా ఉండగానే తాళం అతని చేతికిచ్చి తిప్పమనండి. కాఫీ తరవాత.