కుచేలుని పిల్లలు

సంతుష్టి, అంటే ఉన్నదానితో తృప్తి చెందే గుణం, మన ధర్మగ్రంథాలు పదేపదే కీర్తించిన సుగుణం. అయితే ఒక గృహస్థు ఆ గుణాన్ని వ్రతంగా స్వీకరించినప్పుడు, దాని భారాన్ని అతనిపై ఆధారపడిన పిల్లలు ఎంతవరకు మోయాలన్న ప్రశ్న ఆ గుణాన్ని మెచ్చుకొనే ప్రవచనాల్లో అరుదుగా వినిపిస్తుంది. చాలీచాలని రాబడి గల ఇంట పెరిగే బిడ్డకు సంబంధించిన అసలు ప్రశ్న ఇదే.

భాగవత దశమస్కంధంలోని కుచేలోపాఖ్యానం ఈ విచారణకు తగిన చోటు. కుచేలుడు ఇంద్రియాలను జయించినవాడని, యదృచ్ఛాలాభంతో, అంటే కోరకుండా దానంతట అది లభించినదానితో, జీవించేవాడని సంస్కృత మూలం చెబుతుంది. భార్య మాత్రం ఆకలితో కృశించి, వణుకుతూ, సహాధ్యాయి అయిన కృష్ణుని దర్శించమని భర్తను వేడుకుంటుంది. మూలంలో ఆమె భర్తను కుటుంబీకుడని పేర్కొనడంతో సరిపెడితే, దాన్ని తెలుగు చేసిన పోతన ఆ కుటుంబాన్ని పాఠకుని కళ్ళెదుట నిలబెట్టాడు: ఆయన తెలుగులో పిల్లలు ఆకుదొప్పలు చేతబట్టుకొని వచ్చి ఇంత తిండి పెట్టమని తల్లిని అడుగుతారు, ఆ మాట భరించలేకనే ఆమె భర్త దగ్గరకు వెళుతుంది. రాజాశ్రయాన్ని కాదని సేద్యంతో బతికాడని పరంపర చెప్పుకొనే కవి, లేమిని కీర్తించడానికి ఎంతో అనువైన ఈ కథలో పిల్లల ఆకలినే ముందుకు తేవడం గమనించదగినది. తండ్రి విరక్తిని ఆయన తక్కువ చేయలేదు, అది పిల్లల కడుపు నింపదన్న సత్యాన్ని దాచనూ లేదు. కుచేలుడు సైతం, కృష్ణదర్శనమే పరమలాభమని మనసులో తలచినా, భార్య మాటను లోభమని తోసిపుచ్చక అటుకులు మూటగట్టుకొని బయలుదేరాడు.

యోగసూత్రాల్లో పతంజలి అపరిగ్రహాన్ని యమాల్లోనూ, అంటే నిగ్రహాల్లోనూ, సంతోషాన్ని నియమాల్లోనూ, అంటే ఆచరణల్లోనూ, చేర్చాడు. వస్తువులను సంపాదించడంలో, కాపాడుకోవడంలో, పోగొట్టుకోవడంలో ఉన్న దోషాలను చూసి వాటిని స్వీకరించకపోవడమే అపరిగ్రహమని, చేతనున్న సాధనాలకు మించి కోరకపోవడమే సంతోషమని ఆ సూత్రాలకు వ్యాఖ్య అయిన వ్యాసభాష్యం వివరిస్తుంది. దోషాన్ని చూడటం, ఎంచుకోవడం, విడిచిపెట్టడం అన్నీ సాధకుడు తెలిసి చేసే పనులు. ఫీజు కట్టలేక బడి మానిన బాలిక చదువులోని దోషాలను చూసి చదువును విడిచిపెట్టలేదు. తనవారు దుఃఖంతో బతుకుతుండగా పరులకు దానం చేసే సమర్థుని ధర్మం ధర్మానికి నకలు మాత్రమేనని మనుస్మృతి పదకొండవ అధ్యాయం తేల్చింది. దానానికే ఈ హద్దు ఉన్నప్పుడు ఇంటి పెద్ద తృప్తికి హద్దు లేదనడం పొసగదు.

అలాగని అటువంటి ఇళ్ళలో పిల్లలు అలవరచుకొనే నిగ్రహం విలువలేనిదని కాదు. నెలాఖరున తల్లి ముఖం చూసి అడగబోయిన మాటను మింగేసే బిడ్డ, విహారయాత్రకు డబ్బు కట్టాలన్న సంగతి ఇంట్లో చెప్పకుండానే తనకు రావాలని లేదని బడిలో చెప్పే బిడ్డ, పెద్దల కష్టాన్ని తమకంటే ముందు తలచుకొంటున్నారు. ఆ బిడ్డల్లో కోరిక నశించలేదు, ప్రేమ దానిని అణచి ఉంచింది. దీనిని వైరాగ్యమని మెచ్చుకొంటే, ఆ మెప్పును నిలుపుకోవడానికి బిడ్డ కళ్ళద్దాల వంటి తప్పనిసరి అవసరాన్ని కూడా అడగడం మానేస్తుంది.

ఇంతకంటే కఠినమైన మాట మరొకటి ఉంది: పేదింట పుట్టడం పూర్వకర్మ ఫలమన్నది. పుట్టుక, ఆయువు, భోగం కర్మ విపాకాలని, అంటే కర్మ పండగా వచ్చే ఫలితాలని, పతంజలి చెప్పిన మాట నిజమే. కానీ అదే గ్రంథం మొదటి పాదంలో సుఖంగా ఉన్నవారిపట్ల మైత్రిని, దుఃఖంలో ఉన్నవారిపట్ల కరుణను, పుణ్యాత్ములపట్ల ముదితను, అంటే సంతోషించడాన్ని, పాపులపట్ల ఉపేక్షను భావించమని విధించింది. ఆకలిగొన్న బిడ్డను పూర్వపాపిగా లెక్కగట్టేవాడు ఆ బిడ్డను కరుణకు పాత్రమైన వర్గం నుంచి ఉపేక్షించదగిన వర్గంలోకి నెట్టివేస్తున్నాడు; అలా నెట్టే అధికారాన్ని ఆ సూత్రం ఎవరికీ ఇవ్వలేదు. కర్మ సిద్ధాంతం ఎవరికి వారు తమ నడతను దిద్దుకోవడానికి పనికివస్తుంది, పొరుగింటి పొయ్యి ఎందుకు వెలగలేదో చెప్పడానికి కాదు.

బౌద్ధం ఈ విషయంలో మరింత సూటిగా మాట్లాడింది. లౌకిక జీవితం గడిపేవారికి దారిద్ర్యం దుఃఖమేనని, దాని వెంట అప్పు, వడ్డీ, అప్పులవాళ్ళ ఒత్తిడి వరుసగా వస్తాయని అంగుత్తరనికాయంలో బుద్ధుడు బోధించాడు. ఆళవి నగరంలో తప్పిపోయిన ఎద్దును వెతికి ఆకలితో వచ్చిన పేద రైతుకు ముందు అన్నం పెట్టించి, ఆ తర్వాతనే ఉపదేశం మొదలుపెట్టాడని ధమ్మపద అట్టకథ, అంటే ఆ గ్రంథానికి పాళీలో ఉన్న వ్యాఖ్య, చెబుతుంది.

తెలుగునాట వారాలు చేసుకొని చదువుకోవడం, అంటే పేద విద్యార్థి వారంలో ఒక్కో రోజు ఒక్కో ఇంట భోజనం చేయడం, ఆకలిగొన్నవారికి ముందు అన్నం పెట్టాలన్న ఈ బాధ్యతను కొంతవరకు గుర్తించిన ఆచారం. కులం గీసిన గీత దాటకపోవడం దాని పెద్ద లోపం. 2001లో సుప్రీంకోర్టు ప్రభుత్వ, ప్రభుత్వ సహాయం పొందే ప్రాథమిక పాఠశాలల్లో వండిన మధ్యాహ్న భోజనం పెట్టాలని ఆదేశించినప్పుడు, ఆ బాధ్యత ఇంటి యజమానురాలి దయ నుంచి రాజ్యం విధిగా మారింది. ఆ పళ్ళెంలో అన్నం సరిగా ఉడికిందో లేదో చూడటం, తృప్తిని గురించి పిల్లలకు ఉపన్యసించడం కంటే ముందు చేయవలసిన ధర్మకార్యం.