పిడుగు ఎవరి పాపం చూసి పడుతుంది?



వేసవిలో సాయంత్రం పూట మబ్బు కమ్మితే, మన పల్నాడులో మిరప కల్లాల మీద పట్టాలు కప్పడానికి అందరూ పరుగెత్తుతారు. ఆ హడావుడిలో చెట్టు కింద ఆగిన కూలీ మీద పిడుగు పడుతుంది. మర్నాడు ఊళ్లో ఒక మాట పుడుతుంది: "ఏ పాపం చేసుకున్నారో!" పిడుగు ఒకరినే కాల్చింది. ఈ మాట ఇంటిల్లిపాదినీ కాలుస్తుంది.

ఒక్కసారి ఆకాశం వైపు చూడండి. గురుగ్రహం మన భూమికి 11 రెట్లు వెడల్పు. అక్కడ అడుగు పెట్టడానికి గట్టి నేల లేదు, పైకి కనిపించేదంతా మేఘాలే. 1979లో వాయేజర్-1 వ్యోమనౌక ఆ గ్రహం చీకటి వైపున మెరుపులను చూసింది. 2016లో అక్కడికి చేరిన జూనో నౌక, ఆ మెరుపులు ఎక్కువగా ధ్రువాల వైపు ఉన్నాయని తెలిపింది. శనిగ్రహం మీద కూడా ఉరుముల తుఫానులున్నాయి. మరి అక్కడ పాపి ఎవరు? పుణ్యాత్ముడు ఎవరు? మేఘంలో మంచు పలుకులు, నీటి తుంపరలు ఒరుసుకొని విద్యుత్తు పేరుకుంటే మెరుపు పుడుతుంది. అది సర్వేశ్వరుడు సృష్టికి ఇచ్చిన నియమం, ఎవరికో వేసిన శిక్ష కాదు.

2018 ఏప్రిల్ 24న మన ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. ప్రతి పిడుగూ ఒక పాపిని వెతుక్కుంటూ వచ్చిందా?

సిలోవాము గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు, వారు తక్కినవారికంటే ఎక్కువ పాపులు కారని యేసునాథుడు స్పష్టం చేశారు (లూకా 13:4-5). హృదయ పరివర్తన చెందవలసింది ఆ వార్త విన్నవారేనని హెచ్చరించారు. అంటే మనమే.

కనుక ఉరిమినప్పుడు సిలువ గుర్తు వేసుకోండి, కాని చెట్టు కింద నిలబడకండి. మెరుపు మెరిశాక 30 లెక్కపెట్టేలోపు ఉరుము వినబడితే అపాయం దగ్గరలోనే ఉంది. పక్కా ఇంట్లోకి వెళ్లండి. ఆసాములారా, మబ్బు పట్టగానే కూలీలను పొలం నుండి పంపించండి. కాయ తడిస్తే నష్టమే, కాని మనిషి పోతే తిరిగి రాడు. పిడుగు తగిలినవారిని ముట్టుకుంటే షాకు కొట్టదు. ఊపిరి ఆగితే వెంటనే 108కి ఫోను చేయించి, రొమ్ము నడుమ గట్టిగా ఒత్తుతూ ఉండండి.

ఆ ఇంట చావు జరిగితే పాపపుణ్యాల లెక్క అడగకండి. అన్నం క్యారియరు పట్టుకొని వెళ్లి పక్కన కూర్చోండి. ఏలీయా ప్రవక్తకు దేవుడు పెనుగాలిలోనో, అగ్నిలోనో కనబడలేదు, మెల్లని స్వరంలో పలికాడు (1 రాజులు 19:11-13). ఏడుస్తున్న ఆ ఇంటికి ఆ మెల్లని స్వరం మీ నోట వినిపించాలి.