దగ్ధమైన దానికి పేరు

పాతకాలపు చిన్న విమానం మంటల్లో చిక్కుకుంటే మిగిలేది అతి స్వల్పం. టైగర్ మాత్ వంటి శిక్షణ విమానంలో రెక్కల చట్రం కొయ్యతో చేసినది. దానిమీద కప్పేది గుడ్డ. ఆ గుడ్డ బిగువుకోసం పూసే పూత నిప్పును ఇట్టే అందుకొంటుంది. ఉక్కుగొట్టాల చట్రమూ, తయారీ సంఖ్య గల చిన్న రేకూ దక్కితే అదృష్టమే. వాటిని ఆధారం చేసుకొని నిపుణులు కొత్త కొయ్యతో, కొత్త గుడ్డతో దానిని తిరిగి నిలబెడతారు. అప్పుడు ఎగిరేది ఆ పాత విమానమేనా?

చక్రాలు రథం కావనీ, ఇరుసు రథం కాదనీ, అన్నీ కూడినప్పుడు వ్యవహారం కోసం పెట్టుకొన్న పేరే రథమనీ ‘మిళిందపన్హా’లో నాగసేనుడు యవనరాజుకు బోధిస్తాడు. తర్కానికి ఈ సమాధానం చాలు. ఆ పేరు న్యాయంగా ఎవరికి చెందాలన్న ప్రశ్నకు మాత్రం ఇందులో జవాబు లేదు.

కోల్‌కతా విమానాశ్రయంలో దశాబ్దాలపాటు ఎండకూ వానకూ నిలిచిన డకోటా ఒకటి 2023 జనవరిలో విడిభాగాలుగా లారీలకెక్కి భువనేశ్వర్ చేరింది. బిజూ పట్నాయక్ స్థాపించిన కళింగ ఎయిర్‌లైన్స్ విమానమది. లోహం పాతదే, చోటు మారింది.

అదే నగరంలో హాతీబగాన్‌లోని స్టార్ థియేటర్ కథ ఇందుకు భిన్నం. 1991లో అది అగ్నికి ఆహుతైంది. నగరపాలక సంస్థ పునరుద్ధరణ తర్వాత 2004లో తిరిగి తెరుచుకొన్నది. ముఖభాగానిది పాత రూపం. లోపలిదంతా నేటి ప్రేక్షకశాల. అసలు ఆ పేరు సైతం మొదట ఈ భవనానిది కాదు. 1883లో బీడన్ వీథిలో వెలసిన స్టార్, 1888లో పేరు వెంటబెట్టుకొని ఇక్కడికి వచ్చింది. 1884లో రామకృష్ణ పరమహంస ‘చైతన్యలీల’ చూసి, చైతన్యుని పాత్ర ధరించిన వినోదినీ దాసిని ఆశీర్వదించినది ఆ పాత భవనంలోనే.

ఆ మొదటి నాటకశాలకు గుర్ముఖ్ రాయ్ ధనం వచ్చింది వినోదిని కారణంగానే. అందుకు ఆమె చెల్లించిన మూల్యం చిన్నది కాదు. దానికి తన పేరు పెడతామన్నవారు మాట తప్పారని ఆమె ఆత్మకథలో వ్రాసుకొన్నది. వేశ్యావాటికలో పుట్టిన స్త్రీ పేరు పెద్దమనుషులకు రుచించదని వారి భయం. పెద్దమనుషులు ఆమె నటన చూడడానికి మాత్రం సంకోచించలేదు!

2024 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం హాతీబగాన్ నాటకశాలకు వినోదిని పేరు ప్రకటించింది. ఆ వేదిక వెలిసేనాటికే ఆమె రంగస్థలాన్ని విడిచిపెట్టింది. కనుక ఆమె నటించని భవనానికి, అదీ కాలిపోయి మళ్ళీ లేచిన భవనానికి, ఆమె పేరు దక్కింది. చరిత్రకారుడు దీనికి అభ్యంతరం చెప్పవచ్చు. ఐనా పాత గోడను పోలిన కొత్త గోడకంటే, ఎగవేసిన పేరును ఆలస్యంగానైనా చెల్లించడమే ఇక్కడ నిజమైన పునరుద్ధరణ. ఐతే ఒక జాగ్రత్త అవసరం. ఏది కాలింది, ఏది కొత్తగా కట్టింది, ఈ పేరు ఎన్నేళ్ళకు చేరింది అన్న సంగతులు ద్వారం దగ్గర ఒక రాతిపలకమీద చదువరికి కనిపించాలి. లేకుంటే మరో తరం వారు వినోదిని ఇక్కడే నటించిందని నమ్ముతారు, 1883లో మాట తప్పినవారి ప్రసక్తే మరుగున పడుతుంది.