భారం వేరు, పాపం వేరు



ప్రభుత్వం ఒక ఆజ్ఞ ఇచ్చింది. అది మా విశ్వాసానికి అడ్డు వస్తున్నదని ఒక కతోలిక పాఠశాల అన్నది. అప్పుడు ఎవరి మాట వినాలి? కరోనా కాలంలో అమెరికాలో ఈ ప్రశ్న నిజంగానే కోర్టుకెక్కింది. ఎక్కడో జరిగిన గొడవ మనకెందుకని అనుకోకండి. అదే ప్రశ్న రేపు మన గడప ముందుకూ రావచ్చు.

మిషిగన్ రాష్ట్రంలోని లాన్సింగ్ నగరంలో రిసరెక్షన్ స్కూలు అనే విచారణ పాఠశాల ఉన్నది. చిన్న తరగతుల పిల్లలు కూడా తరగతి గదిలో మాస్కు పెట్టుకోవాలని 2020 అక్టోబరులో అక్కడి ఆరోగ్యశాఖ ఉత్తర్వు ఇచ్చింది. అదే నెలలో ఆ పాఠశాల, కొందరు తల్లిదండ్రులు కోర్టుకు వెళ్లారు. వారి వాదనల్లో ముఖ్యమైనది ఇది: మనిషి దేవుని పోలికలో చేయబడ్డాడు, ముఖాన్ని కప్పితే ఆ పోలికను కప్పినట్లే. ఈ నిబంధన అన్ని బడులకూ ఒకటేనని, మతాన్ని ఉద్దేశించి పెట్టినది కాదని చెప్పి, డిసెంబరులో జిల్లా న్యాయస్థానం ఉత్తర్వును ఆపడానికి ఒప్పుకోలేదు. 2021 ఆగస్టులో అప్పీలు కోర్టు కూడా ఆ మాటే అన్నది. అప్పటికే ఉత్తర్వు రద్దయింది. అందుచేత 2022 మేలో పూర్తి ధర్మాసనం, ఇక తేల్చవలసినది లేదని వ్యాజ్యాన్ని ముగించింది.

కోర్టు తేల్చవలసినది చట్టం సంగతి. మనం ఆలోచించవలసినది మనస్సాక్షి సంగతి.

ముందుగా ఆ తల్లిదండ్రుల బాధను తేలికగా కొట్టివేయకూడదు. బిడ్డ తల్లి ముఖం చూసి నవ్వడం నేర్చుకుంటాడు. టీచరు పెదవులు చూసి అక్షరం పలుకుతాడు. చెవులు సరిగా వినిపించని పిల్లకైతే ఆ పెదవులే ఆధారం. ఐదేళ్లలోపు పిల్లలకు మాస్కు తప్పనిసరి చేయనక్కరలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ 2020 ఆగస్టులోనే సూచించాయి. 2022 జనవరిలో మన కేంద్ర ఆరోగ్యశాఖ కూడా ఆ వయసు వారికి మాస్కు వద్దన్నది. కాబట్టి పిల్లల మీద భారం పడిందన్న మాట నిజమే.

అయితే భారం వేరు, పాపం వేరు. నెబుకద్నెసరు రాజు బంగారు విగ్రహానికి మ్రొక్కమన్నప్పుడు ఆ ముగ్గురు యువకులు అగ్నిగుండానికైనా సిద్ధపడ్డారు. ఎందుకు? రాజు వారిని పాపం చేయమన్నాడు గనుక. మాస్కు పెట్టుకొమ్మన్నవారు దేవుని కాదనమనలేదు, జపం మానుమనలేదు.

ఇక దేవుని పోలిక మాట. అది మన బుద్ధిలో, ఆత్మలో ఉన్నదని పునీత తోమాసు అక్వినాసు బోధించారు. కుష్ఠు వ్యాధి ముఖాన్ని తినివేసినా ఆ మనిషిలో దేవుని పోలిక చెరిగిపోదు. సీనాయి కొండ దిగివచ్చిన మోషే ముఖం ప్రకాశిస్తుంటే ప్రజలు దగ్గరకు రావడానికి భయపడ్డారు. ఆయన ముఖానికి ముసుగు వేసుకున్నాడు. దానివల్ల దేవుని మహిమ తగ్గలేదు.

చట్టమంటే ఏమిటో కూడా తోమాసు గారే చెప్పారు. ప్రజల బాధ్యత వహించినవారు అందరి మేలు కోసం బుద్ధితో ఏర్పరచి, ప్రకటించినదే చట్టం. యానాం వారికి ఇది అనుభవంలో ఉన్న సంగతి. ఇక్కడ పుదుచ్చేరి ఆజ్ఞ, వంతెన దాటి ఎదుర్లంక వెళ్తే ఆంధ్ర ఆజ్ఞ. బడి తెరిచే తేదీలు, ఆంక్షలు రెండు చోట్ల నుంచి రావచ్చు. కానీ జబ్బు గోదావరి గట్టు దగ్గర ఆగదు. తేదీలు మనుషులు పెట్టినవి. పొరుగువాని ప్రాణం కాపాడమన్నది దేవుడు పెట్టినది.

ఆ పొరుగువాడు ఎవరు? బడి నుంచి రాగానే పిల్లవాడు చేరే ఒడి మామ్మది. తరగతి గదిలో కట్టుకున్న మాస్కు, ఆ గదిలో లేని ఆమె కోసం కూడా. తాను తినే మాంసం బలహీనుడైన సోదరునికి హాని చేస్తే, తినే స్వేచ్ఛ ఉన్నా మానుకుంటానన్నాడు పునీత పౌలు. మనస్సాక్షి ఒప్పుకోక టీకా వద్దనుకున్నవారు సైతం ఇతర జాగ్రత్తలతో వ్యాధి తమ ద్వారా వ్యాపించకుండా చూసుకోవాలని 2020 డిసెంబరులో వాటికన్ స్పష్టం చేసింది.

మరి కతోలిక పాఠశాల చేయవలసినది ఏమిటి? తల వంచి ఊరుకోవడం మాత్రమే కాదు. పసివారికి, వినికిడి లోపం ఉన్నవారికి సడలింపు కావాలని అధికారులను నిర్భయంగా అడగాలి. మాస్కు కొనుక్కోలేని పిల్లను ఇంటికి పంపక, తానే ఒకటి ఇవ్వాలి. తనిఖీ వచ్చినప్పుడు మూతికి, వెళ్లగానే జేబులోకి అన్న పద్ధతి మాత్రం ఉండకూడదు. అలా చేస్తే పిల్లలు నేర్చుకునేది స్వేచ్ఛ కాదు, వేషధారణ.

ప్రియ తల్లిదండ్రులారా, రేపు మరొక ఆజ్ఞ రావచ్చు. "నా మనస్సాక్షి ఒప్పుకోదు" అనే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది నన్ను పాపం చేయమంటున్నదా? ఇది ఎవరి ప్రాణాన్ని కాపాడుతున్నది? దీని భారం ఎవరి మీద ఎక్కువగా పడుతున్నది? మొదటి ప్రశ్నకు అవునని జవాబు వస్తే, ఎంత నష్టమైనా లొంగకండి. కాదని వస్తే, మిగిలిన రెండింటి జవాబును బట్టి నడుచుకోండి. మనకు ఇష్టం లేనిదాన్నల్లా మనస్సాక్షి అని పిలిస్తే, నిజంగా మనస్సాక్షి పిలిచిన రోజున మన మాట ఎవరూ నమ్మరు.

ఆ వివేకాన్ని ప్రభువు మీ కుటుంబాలకు అనుగ్రహించును గాక.